ఫిసియా అడ్సెండెన్స్, ఫిసియా టెనెల్లా: తేడా ఎలా పట్టుకుంటున్నారు?

బెరడుబాట
ఈ రెండు లైకెన్లూ (శిలీంధ్రం, ఆల్గే కలిసి ఒకే జీవిలా బతికేవి) ఒకే కొమ్మ మీద కలిసి పెరిగితే మీరు ఎలా వేరు చేస్తున్నారు? రెండూ బూడిద కలిసిన తెలుపే. సన్నటి తమ్మెలు (అంచు చీలి ఏర్పడిన పాయలు), అంచుల్లో పొడవాటి వెంట్రుకలు, వాటి కొసలు నల్లగా. సొరీడియా (లైకెన్ వ్యాపించడానికి వదిలే పొడిలాంటి రేణువులు) ఎక్కడుందో చూడమంటారు కానీ, అది కంటికి ఎలా కనిపిస్తుందో విడమరిచి చెప్పండి.

లెన్స్‌చేత
తమ్మె కొస ఒక్కటే చూడండి. అడ్సెండెన్స్‌లో కొస ఉబ్బి హెల్మెట్‌లా గుండ్రంగా వంగుతుంది. సొరీడియా పొడి ఆ బోలు లోపల ఉంటుంది. టెనెల్లాలో కొస ఉబ్బదు, వెనక్కి మడుచుకుని అడుగుభాగాన్ని బయటపెడుతుంది. పొడి ఆ అడుగునే ఉంటుంది. పది రెట్ల లెన్స్ చాలు. కాకపోతే పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, కొమ్మకు పక్కనుంచి చూడాలి.

ఆల్గేప్రియ
లైకెన్ ఎండి ఉన్నప్పుడే చూడండి. తడిస్తే పై పొర గుండా లోపలి ఆల్గే కనిపించి మొత్తం పచ్చబడుతుంది, సొరీడియా అంత స్పష్టంగా తెలియదు.

బెరడుబాట
పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే తేలదా?

లెన్స్‌చేత
తేలదండి. రెండింటి పై పొరలోనూ అట్రనోరిన్ అనే రసాయనం ఉంది, రెండూ పసుపు రంగుకు తిరుగుతాయి. లైకెన్ శాస్త్రవేత్త నైలాండర్ 1866లో ఈ చుక్క పరీక్షలు మొదలుపెట్టినప్పటి నుంచి ఎన్నో జాతుల్ని అవి విడదీశాయి. ఈ జంట దగ్గర మాత్రం ఆకారమే ఆధారం. అనవసరంగా నమూనా పాడుచేయకండి, అంత చిన్న థాలస్ (లైకెన్ దేహం) ఎదగడానికి చాలా కాలం పడుతుంది.

కొమ్మచివర
నేను ఒక్క కొసతో తేల్చను. లేత థాలస్‌లో సొరీడియా ఇంకా రాదు, అప్పుడు ఎంత అనుభవం ఉన్నా పేరు చెప్పలేం. ముదిరిన కొసలు నాలుగైదు చూసి, అన్నీ ఒకే దారిలో ఉంటేనే పేరు రాస్తాను. సొరీడియా అసలే లేకుండా, వెంట్రుకలుండి, మధ్యలో గిన్నెల్లాంటి అపోథీసియా (శిలీంధ్ర బీజాలు పుట్టే భాగాలు) నిండుగా కనిపిస్తే మాత్రం ఫిసియా లెప్టాలియా అయ్యుంటుందేమో చూసుకోండి. ఆ వైపు ఎవరూ ఆలోచించరు.

ఆల్గేప్రియ
ఎక్కడ పెరిగిందన్నదాన్ని బట్టి ఊహించడం కూడా వద్దు. రెండూ నత్రజని ఎక్కువగా చేరే బెరడునే ఇష్టపడతాయి. పసుపు రంగు లైకెన్ జాంథోరియా పరియెటినా పక్కన రెండూ దొరుకుతాయి. గాలిలో అమోనియా గురించి తెలుసుకోవడమే మీ పనైతే, రెండింటినీ కలిపి లెక్కించినా నష్టం లేదు.

బెరడుబాట
చాలా థాంక్స్. పక్కనుంచి చూస్తే రెండు థాలస్‌లలో బోలు కొసలు స్పష్టంగా ఉన్నాయి, అవి అడ్సెండెన్స్. మూడోది లేతది. దాన్ని ఏమని రాయాలి?

కొమ్మచివర
"అడ్సెండెన్స్ లేదా టెనెల్లా" అని రాసి, కొసల ఫోటో పక్కనుంచి తీసి జతచేయండి. కొమ్మకు గుర్తు పెట్టుకుంటే, కొసలు ముదిరాక మళ్లీ చూడొచ్చు.