సీతాఫలం గింజల కషాయం గొర్రెలకు పట్టించవచ్చా?

ప్రశ్న (ఉదయగిరి నుంచి): వానలు పడ్డాక మా జోడిపి రకం (నెల్లూరు జాతి) గొర్రెల్లో కొన్నింటికి దవడ కింద నీరు దిగి, కనురెప్ప లోపలి పొర తెల్లగా పాలిపోయింది. కడుపులో చేరి రక్తం పీల్చే హీమాంకస్ నట్టలని (పురుగులని) డాక్టరుగారు చెప్పారు. నాన్నగారేమో సీతాఫలం గింజలు నూరి పట్టిద్దామంటున్నారు. అది నట్టను చంపుతుందో, గొర్రెనే చంపుతుందో ముందుగా తెలుసుకొనే మార్గం ఉందా?

జవాబు 1: దయచేసి తొందరపడకండి. ఆ గింజల్లోని అసిటోజెనిన్లు అనే రసాయనాలు కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా పనిని అడ్డుకుంటాయి కనుక, నట్టకే కాదు, గొర్రెకూ హాని చేయగలవు. నూరేటప్పుడు పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. ప్రయోగశాలలో తొలి పరీక్షకు మన రొయ్యల హేచరీల్లో మేతగా వాడే ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలాంటి జీవి) పిల్లలే సాధనం. వేర్వేరు మోతాదుల గింజల సారంలో వాటిని 24 గంటలు ఉంచి, సగం చనిపోయే మోతాదును లెక్కిస్తారు. అది మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాముల లోపు ఉంటే విషగుణం ఉన్నట్టు భావిస్తారు. నట్టల మీద ప్రభావానికి, గొర్రె పేడలోంచి వేరుచేసిన నట్టల గుడ్లను సారంలో 48 గంటలు ఉంచి, ఎన్ని పొదగలేదో చూస్తారు.

జవాబు 2: గాజుపాత్రలో నెగ్గినది కడుపులో నెగ్గుతుందని చెప్పలేము. మందుకు ముందూ, రెండు వారాల తరువాతా పేడలో గుడ్లు లెక్కించి, మందు పట్టని గొర్రెలతో పోల్చాలి. ఇటువంటి ప్రయోగానికి జంతు ప్రయోగాలను పరిశీలించే నైతిక సంఘం అనుమతి కూడా కావాలి. ప్రస్తుతానికి డాక్టరుగారి నట్టల మందునే గొర్రె బరువు చూసి పట్టించండి.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలండీ. నూరి ఉంచిన పొడిని పిల్లలకు అందకుండా గొయ్యి తీసి పూడ్చాము.