చర్చ: లాటినో ఇళ్లలో అమ్మను చూసుకునే కూతురికి ప్రభుత్వం జీతం ఇవ్వాలా?

వ్యాలీ ఫిజియో (మెకాలెన్, టెక్సాస్)

రియో గ్రాండే వ్యాలీలో ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తాను. మెక్సికో సరిహద్దు పక్కనే. నా పేషెంట్లు దాదాపు అందరూ లాటినోలే (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు), మెక్సికన్ కుటుంబాల పెద్దవాళ్లు.

మొన్న మనవాళ్ల గెట్ టుగెదర్‌లో ఒకాయన, "లాటినోలు కూడా మనలాగే అండీ, అమ్మానాన్నల్ని హోముల్లో పడేయరు. వాళ్లకి ప్రభుత్వ సాయం ఎందుకు? డబ్బు మధ్యలోకొస్తే ఉన్న ప్రేమ కూడా పోతుంది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా అవునన్నారు. నాకు మాత్రం మింగుడు పడలేదు. ఇక్కడ నాలుగు రకాల మాటలూ వినొచ్చని పెడుతున్నాను.

నేను వెళ్లే ఇళ్లలో ఒకటి చెప్తాను. పెద్దావిడకు ఎనభై దాటాయి. షుగర్ వల్ల ఒక కాలు మోకాలి కింద తీసేశారు. ఈమధ్య మతిమరుపు కూడా మొదలైంది. చూసుకునేది చిన్న కూతురు, విడాకులయ్యాక అమ్మ దగ్గరే ఉంటోంది. స్కూల్ వంటగదిలో ఉద్యోగం ఉండేది, మానేసింది. కొడుకులు ఒక ఆదివారం వచ్చి గుమ్మం ముందు ప్లైవుడ్‌తో ర్యాంప్ కట్టి రంగు కూడా వేసి వెళ్లారు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంప్ పన్నెండు అడుగుల పొడవుండాలి. వాళ్లు కట్టింది నాలుగడుగులు కూడా లేదు. అందుకని వీల్‌చెయిర్ లోపలికి తేవాలంటే ఆ అమ్మాయి ఒక మోకాలు చెక్క మీద ఆనించి, భుజంతో వెనకనుంచి ఎగదోస్తుంది. అమ్మను మంచం మీంచి కుర్చీలోకి మార్చడం నేర్పడానికి వెళ్లేవాణ్ణి నేను. చూడబోతే కూతురి నడుముకే ముందు వైద్యం కావాలి. ఆమెకు ఇన్సూరెన్స్ లేదు. పేదవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌ని టెక్సాస్ విస్తరించలేదు కాబట్టి ఆమెలాంటి వాళ్లకు అందులో చోటు లేదు.

నా విజిట్లకు మెడికేర్ (పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బిస్తుంది, అదీ కొన్ని వారాలు. రోజూ స్నానం చేయించడం, డైపర్ మార్చడం, రాత్రి లేచి తలుపు తీసుకుని వెళ్లిపోకుండా చూడటం మెడికేర్ దృష్టిలో వైద్యం కాదు. ఆ పని చేస్తున్న కూతురికి జీతం ఇవ్వడం సబబే అని నా అభిప్రాయం. మీరేమంటారు?

కృష్ణాతీరం (డాలస్)

ఫిజియో గారూ, ఆ అమ్మాయి కష్టం చదువుతుంటే మనసు బరువెక్కింది. అయినా నేను ఒప్పుకోను. కన్నతల్లికి అన్నం కలిపి పెట్టినందుకు గంటల లెక్కన జీతం తీసుకోవడం మొదలైతే, రేపు జీతం ఆగినప్పుడు అన్నం కూడా ఆగుతుంది. పైగా చేయని గంటలకు సంతకాలు పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ భారం పన్ను కట్టే మనందరి మీద పడుతుంది.

ఇంకో మాట. లాటినోలకు ఆదాయం తక్కువ, ఇన్సూరెన్స్ తక్కువ, చదువు తక్కువ, అయినా తెల్లవాళ్ల కంటే ఎక్కువ కాలం బతుకుతున్నారని ఎన్నో ఏళ్లుగా పరిశోధకులే చెప్తున్నారు. దానికి 'హిస్పానిక్ పారడాక్స్' అని పేరు కూడా ఉంది. ఇంట్లో పదిమంది ఉండటం, పెద్దవాళ్లను ఒంటరిగా వదలకపోవడమే దానికి కారణమని నా నమ్మకం. బాగా నడుస్తున్నదాన్ని కదపడం దేనికి?

గాల్వెస్టన్ గణాంకం

పబ్లిక్ హెల్త్‌లో పనిచేస్తున్నాను కాబట్టి ఈ పారడాక్స్ సంగతి కొంచెం వివరంగా రాస్తాను.

1986లో కిరియాకోస్ మార్కిడీస్, జీనిన్ కొరీల్ రాసిన వ్యాసంతో ఈ మాట ప్రచారంలోకొచ్చింది. అంకెలు నిజమే. 2019లో అమెరికాలో లాటినోల సగటు ఆయుర్దాయం 81.9 ఏళ్లు, తెల్లవాళ్లది 78.8. కారణం మాత్రం కుటుంబం ఒక్కటే కాదు. లాటినోలు సిగరెట్లు తక్కువ తాగుతారు, ఆయుర్దాయంలో తేడాకి పెద్ద కారణం అదే. దేశం దాటి వచ్చి పొలాల్లో, కట్టడాల్లో పని చేయగలిగేది ఆరోగ్యవంతులే కాబట్టి, వచ్చేవాళ్లు మొదటినుంచీ గట్టివాళ్లు. కుటుంబం కూడా కొంత మేలు చేస్తుంది, కాదనను.

మార్కిడీస్ బృందమే 1993లో టెక్సాస్, కాలిఫోర్నియా, అరిజోనా, కొలరాడో, న్యూ మెక్సికోల్లో 65 దాటిన 3,050 మంది మెక్సికన్ అమెరికన్లతో ఇంకో అధ్యయనం మొదలుపెట్టి, వాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. ఆయుష్షు ఎక్కువే, కానీ ఆ అదనపు ఏళ్లలో చాలా భాగం షుగర్‌తో, నడవలేని కాళ్లతో, ఒకరి చెయ్యి పట్టుకుని గడుస్తోందని తేలింది. పెద్ద వయసు లాటినోలకు అల్జీమర్స్, అలాంటి మతిమరుపు జబ్బులు తెల్లవాళ్లతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు ఎక్కువని అల్జీమర్స్ అసోసియేషన్ చెప్తుంది. అంటే ఎవరో ఒకరు పక్కన ఉండి చూసుకోవాల్సిన కాలమే పొడవవుతోంది. దీన్ని సాయం అక్కర్లేదనడానికి రుజువుగా ఎలా వాడతారండీ?

ఇంట్లో పదిమంది ఉండటం గురించి కూడా. కోవిడ్‌లో మాంసం ప్లాంట్లకు, ప్యాకింగ్ షెడ్లకు సెలవు లేదు. పనికి వెళ్లినవాళ్లు తెచ్చిన వైరస్ ఇరుకింట్లోని పెద్దవాళ్లకు అంటింది. 2019 నుంచి 2021కి లాటినోల ఆయుర్దాయం నాలుగేళ్లు పడిపోయింది. తప్పు ఆ ఇళ్లదని నేను అనను. లీవు ఇవ్వని ఉద్యోగాలది.

శాక్రమెంటో రజిత

జీతం ఇస్తే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. కాలిఫోర్నియాలో 1970ల నుంచీ ఇస్తున్నారు. ఇన్-హోమ్ సపోర్టివ్ సర్వీసెస్ అంటారు. మెడికాల్ (కాలిఫోర్నియాలో మెడికెయిడ్ పేరు) ఉన్న పెద్దవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు తమకు కావలసిన మనిషిని తామే పెట్టుకోవచ్చు. కూతురైనా, కోడలైనా, మనవడైనా, మొగుడైనా సరే.

కృష్ణాతీరం గారు అన్నట్టు ఎవరిష్టం వచ్చినన్ని గంటలు వాళ్లు రాసుకోలేరు. కౌంటీ సోషల్ వర్కర్ ఇంటికొచ్చి స్నానానికెంత, వంటకెంత, బట్టలు కట్టడానికెంత అని పనివారీగా సమయం లెక్కగడతారు. అన్నిటికన్నా కష్టమైన కేసుకు నెలకు 283 గంటలు దాటదు. నెలకు 720 గంటలు కదండీ. మతిమరుపు మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్లకు మిగతావన్నీ ఉచిత సేవే.

మా ఆఫీసులో నాతో పనిచేసిన ఒకామె తల్లిది మెక్సికోలోని మిచోవాకాన్. తల్లికి పక్షవాతం వచ్చాక ఈమె ఉద్యోగం మానేసి ఆ ప్రోగ్రాంలో చేరింది. ఆమెకు నిజంగా మేలు చేసిందేంటంటే, ఆ జీతం మీద సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టడం. దానివల్ల ఆమె రిటైర్మెంట్ క్వార్టర్లు (ప్రభుత్వ పెన్షన్ అర్హతకు లెక్కేసే వంతులు) ఆగకుండా పడ్డాయి. లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత పెన్షన్ లేక, ఆమె కూతురు ఉద్యోగం మానేయాల్సి వచ్చేది.

కృష్ణాతీరం

రజిత గారూ, క్వార్టర్ల సంగతి నాకు తెలియదు, మంచి విషయమే. కానీ ఇంకో భయం ఉంది. నలుగురు పిల్లల్లో ఒకరికి జీతం వస్తుందనుకోండి, మిగతా ముగ్గురూ "దానికి డబ్బులొస్తున్నాయిగా, అదే చూసుకుంటుంది" అని తప్పుకుంటారు. శనివారం వచ్చి అమ్మ దగ్గర కూర్చునే తమ్ముడు కూడా మానేస్తాడు. ఈ నష్టానికి ఏ సోషల్ వర్కర్ దగ్గరా లెక్క ఉండదు.

వ్యాలీ ఫిజియో

తప్పుకోవడానికి జీతం దాకా ఆగనక్కర్లేదండీ. నేను వెళ్లే ఇళ్లలో ఒక్క పైసా రాకుండానే ఒకరి మీద పడిపోయి ఉంటుంది. నూటికి తొంభై పాళ్లు ఆ ఒక్కరూ ఆడపిల్లే. పెళ్లి కానిదో, విడాకులైనదో, ఊళ్లోనే ఉండిపోయినదో. అన్నదమ్ములకు ప్రేమ లేదనను. ర్యాంప్‌కి రంగు వేసింది ప్రేమతోనే. వారం రోజులూ దాని మీంచి అమ్మను ఎక్కించేది మాత్రం చెల్లెలే.

బెజవాడ టీచర్

బయటినుంచి చదువుతున్నాను. మా దగ్గర అమ్మానాన్నల్ని చూడని పిల్లల మీద ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి 2007 చట్టం ఉంది. చూసే కోడలికి మాత్రం ఏ చట్టంలోనూ ఏమీ లేదు. మా అత్తగారిని చివరి రోజుల్లో చూసుకున్నది నేనే. అప్పుడు ఎవరైనా నెలకు ఇంత అని చేతిలో పెట్టుంటే ఆవిడ మీద నా అభిమానం తగ్గేది కాదు. పగలు రెండు గంటలు ఒక ఆయాను పెట్టుకుని నిద్రపోయేదాన్ని.

ఫ్రెస్నో ఫార్మసీ

మీ చర్చంతా కాగితాలున్నవాళ్ల గురించి. మా కౌంటర్‌కొచ్చే పెద్దవాళ్లలో ముప్పై నలభై ఏళ్లు ద్రాక్షతోటల్లో చేసి, కాగితాలు లేకుండా ముసలివాళ్లైనవాళ్లు చాలామంది. వాళ్ల జీతాల్లోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కోసుకున్నారు. 65 నిండాక వాళ్లకు మెడికేర్ రాదు. పన్ను తీసుకున్న చేత్తో వైద్యం కాదనడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది, ఎవరు ఎన్ని కారణాలు చెప్పినా.

కాలిఫోర్నియా 2022 మేలో 50 దాటిన ఇలాంటివాళ్లకు మెడికాల్ తెరిచింది. అప్పుడు మా దగ్గర బీపీ మందులు మొదటిసారి మధ్యలో ఆపకుండా తీసుకున్నవాళ్లను చూశాను. మళ్లీ 2026 జనవరి నుంచి 19 దాటినవాళ్లలో కాగితాలు లేనివాళ్ల కొత్త చేరికలు ఆపేశారు. ఉన్నవాళ్లు కూడా పేరు ఎక్కడో నమోదవుతుందని భయపడుతున్నారు. ప్రభుత్వ సాయం వాడితే గ్రీన్ కార్డు కాదనొచ్చన్న, 2019లో వచ్చిన పబ్లిక్ ఛార్జ్ నిబంధన 2021లోనే పోయింది, దాని భయం మాత్రం పోలేదు. గ్రీన్ కార్డు ఉన్న మనవరాలికి ఇబ్బంది అవుతుందేమోనని తాత షుగర్ మందు మానేస్తాడు.

ఆ మనవరాలే కౌంటర్ దగ్గర తాతకు ఇంగ్లిష్ విడమరిచి చెప్తుంది. పదేళ్ల పిల్ల, ప్రొస్టేట్ మందు గురించి. మా దగ్గర ఫోన్‌లో స్పానిష్ ఇంటర్‌ప్రెటర్ ఉంటుంది, నేను కలుపుతాను. "వద్దు, పిల్ల ఉందిగా" అంటారు. సిగ్గుతో సగం లక్షణాలు చెప్పరు.

ఎల్ పాసో నర్సు

లాటినోలు హోముల్లో వేయరన్న మాట దగ్గరికి వెనక్కి వెళ్దాం. 1999–2008 మధ్య అమెరికా నర్సింగ్ హోముల్లో లాటినో పెద్దవాళ్ల సంఖ్య సుమారు 55 శాతం పెరిగింది. ఆసియా వాళ్లది సుమారు 54. అందులో మనమూ ఉన్నాం. అదే కాలంలో తెల్లవాళ్ల సంఖ్య తగ్గింది, ఎందుకంటే వాళ్లకు అసిస్టెడ్ లివింగ్ (సాయం చేసే మనుషులుండే ఇళ్లు) కొనుక్కునే స్తోమత ఉంది. కూతుళ్లు ఉద్యోగాలకు వెళ్తున్నారు, ఇళ్లు చిన్నవి, మతిమరుపు ముదిరితే ఇంట్లో ఆపడం కష్టం. ప్రేమ లేక పంపడం లేదు.

మా ఊళ్లో 1980ల చివరినుంచీ బియెన్‌వివిర్ అని ఒక సంస్థ నడుస్తోంది. అది నడిచేది పేస్ అనే పద్ధతిలో, ఆ పద్ధతి శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో పుట్టింది. పొద్దున వ్యాన్ వచ్చి పెద్దవాళ్లను తీసుకెళ్తుంది. డాక్టరు, ఫిజియో, స్నానం, భోజనం, స్పానిష్‌లో కబుర్లు, అన్నీ ఒకేచోట. సాయంత్రం ఇంటికి దింపుతారు. కూతురు ఉద్యోగం మానక్కర్లేదు.

కృష్ణాతీరం

ఇది నాకు నచ్చింది. చేతికి డబ్బివ్వకుండా సేవ ఇవ్వడం. ఇలాంటి వాటికి నా పన్ను ఎంతైనా పోనివ్వండి, అడగను. కూతురికి జీతం మాత్రం ఇప్పటికీ నా మనసుకు ఎక్కడం లేదు.

వ్యాలీ ఫిజియో

సెంటర్ అన్ని ఊళ్లలో లేదండీ. ఉన్నా సాయంత్రం మూసేస్తారు. రాత్రి రెండింటికి ఆ పెద్దావిడ లేచి "నా పిల్లలు స్కూల్నుంచి రాలేదు" అని ఏడుస్తుంది. అప్పుడు పక్కన ఉండేది కూతురే.

ఎల్ పాసో నర్సు

ఫిజియో గారూ, మీరు చెప్పిన కూతురు అసలు అప్లై చేసిందా? టెక్సాస్ మెడికెయిడ్‌లో భార్యకో భర్తకో జీతం ఇవ్వరు గానీ, వయసొచ్చిన కూతురో కొడుకో అటెండెంట్‌గా చేరొచ్చు. తల్లికి అర్హత ఉండాలి.

వ్యాలీ ఫిజియో

చేయలేదు. అడిగితే, "అమ్మ పోయాక ప్రభుత్వం ఇల్లు తీసేసుకుంటుందట" అంది. వాళ్లకున్నది ఆ ఇల్లొక్కటే. తండ్రి తన చేతులతో కట్టినది.

ఎల్ పాసో నర్సు

ఆ భయం ఉత్తది కాదు. మెడికెయిడ్ పెట్టిన ఖర్చును చనిపోయినవాళ్ల ఆస్తిలోంచి రాబట్టాలని 1993 ఫెడరల్ చట్టం చెప్తుంది. కానీ టెక్సాస్‌లో మినహాయింపులున్నాయి. పెళ్లి బంధంలో లేని, వయసొచ్చిన పిల్లలెవరైనా తల్లి పోయే ముందు కనీసం ఏడాది పాటు అదే ఇంట్లో ఆపకుండా ఉంటే ఆ ఇంటి జోలికి రారు. మీరు చెప్పినదాన్ని బట్టి ఈమె అందులోకే వస్తుంది. ఊళ్లో ఉచిత న్యాయ సహాయం వాళ్లతో ఒకసారి ఖాయం చేసుకోమనండి. అక్కడే ఉంటోందని చూపించే కాగితాలు ఇప్పటినుంచే దాచుకోవాలి.

వ్యాలీ ఫిజియో

చాలా థాంక్స్ అండీ, ఇది నాకు తెలియదు. మంగళవారం మళ్లీ వాళ్లింటికి వెళ్తున్నాను. ఆమె డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇంకా మొగుడింటి అడ్రసే ఉంది, ముందు అది మార్పించుకోమని చెప్తాను. అప్లికేషన్‌కి మా ఏజెన్సీ సోషల్ వర్కర్‌ని వెంటబెట్టుకుని వెళ్తాను.