ఒక్క నెలకే 612 యూనిట్లట, ఈ కరెంట్ బిల్లు ఎట్ల కట్టాలె? కొంచెం చెప్పున్రి

కుట్టుమిషన్_హన్మకొండ:
నమస్తే అందరికి. మేం హన్మకొండల కిరాయికి ఉంటున్నం, రెండు రూములు, రెండు ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్, టీవీ, నా కుట్టుమిషన్, గంతే. ఏసీ లేదు, గీజర్ లేదు. రేషన్ కార్డు మీద గృహజ్యోతి, అదే నెలకు 200 యూనిట్ల దాకా ఫ్రీ కరెంట్ స్కీం, ఉంది కాబట్టి జీరో బిల్లే వస్తుండె. మీటర్ ఏమో కింద ఓనర్ షట్టర్ లోపల ఉంటది, ఆయన తాళం ఏసుకొని కొడుకు దగ్గరికి పోయిండు, మూడు నెలలు బిల్లు మీద డోర్ లాక్ అనే వచ్చింది. ఈ నెల రీడింగ్ తీసిన్రు, 612 యూనిట్లు, 4,900 చిల్లర. మా ఆయన జీతం 14 వేలు, కిరాయి, పాప ఫీజు, చిట్టి పోతే ఇంక కూరగాయలకే కష్టం. ఓనర్‌ను అడిగితే కాల్చుకున్నది మీరు, మీరే కట్టున్రి అంటడు. ఆఫీసుల ఏమో మీటర్ల ఉన్నదే వచ్చింది, ముందు కట్టు తర్వాత చూద్దం అన్నరు. కట్టకుంటే కనెక్షన్ తీసేస్తరా? మీటర్ ఖరాబైందా?

గుంటూరు_కారం:
ఫ్రిజ్జు ఫ్యాన్లకి 612 రాదండి, మీటర్ స్పీడుగా తిరుగుతున్నట్టుంది. మీటర్ టెస్ట్‌కి రాసివ్వండి. 2024లో సెంటర్ వాళ్లు రూల్ మార్చారు, రీడింగ్ మీద కంప్లైంట్ ఇస్తే అయిదు రోజుల్లో పక్కనే ఇంకో మీటర్ పెట్టి కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి. ఈలోపు ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి మీటర్ దగ్గర ఎర్ర లైట్ చూడండి, అప్పుడూ టిక్ టిక్ మని కొట్టుకుంటుంటే మీ లైన్ మీద ఇంకెవరో వాడుతున్నట్టు. అద్దె ఇళ్లల్లో ఓనర్ గారి బోరు మోటారు మన మీటర్ మీద నడవడం మామూలే లెండి.

రిటైర్డ్_బిల్లింగ్:
మెయిన్ ఆఫ్ చేసి చూడమన్నది మంచి మాటే, అది ఇవాళే చెయ్యమ్మా. కానీ మీటర్ టెస్ట్ జోలికి ఇప్పుడే పోకు. ఫీజు దండగ, పైగా మీటర్ కరెక్టే అని రిపోర్ట్ వచ్చిందంటే నీ కేసు అక్కడే మూసేస్తారు. డోర్ లాక్ పడిన మూడు నెలలు, ఈ నెల కలిపి నాలుగు, 612ని నాలుగుతో భాగించు, నెలకు 153. మీ ఇంటికి అది మామూలు వాడకమే. నాలుగు నెలల కరెంటుని ఒకే నెలలో కాల్చినట్టు లెక్కగట్టడమే ఇక్కడ తప్పు.

లెక్క చూడు. 200 దాటితే మొదటి 200 యూనిట్లకు 5.10, తర్వాత వందకు 7.70, ఆ పై వందకు 9 రూపాయలు, 400 దాటి 800 దాకా 9.50. అట్లా 612కి ఎనర్జీ చార్జీలే 4,704, మిగతాది కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ. అదే నెలకు 153 అయితే మొదటి వందకు 3.40, మిగతా 53కి 4.80, అంటే 594 రూపాయలు, నాలుగు నెలలకు కలిపి 2,378. ఇంక నీకు గృహజ్యోతి ఉంది, ఏ నెలా 200 దాటలేదు, కాబట్టి నాలుగూ జీరోలే కావాలి.

బిల్లు ఎక్కువొచ్చింది సార్ అని నోటితో చెప్తే ఎవరూ వినరు. ఈఆర్‌ఓలో, అంటే కరెంటు బిల్లుల లెక్కలు చూసే ఆఫీసులో, ఏఏఓ (అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసర్) పేరున లెటర్ రాయి, డోర్ లాక్ పడిన నెలలు, చివరి అసలు రీడింగ్, ఇప్పటి రీడింగ్ వేసి, యూనిట్లను నెలలవారీగా విడగొట్టి బిల్లు రివైజ్ చెయ్యమని అడుగు. నాలుగు బిల్లులు, రేషన్ కార్డు జిరాక్స్, మీటర్ ఫోటో జత చెయ్యి. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోకుండా బయటికి రాకు, ఇది మాత్రం మర్చిపోవద్దు.

సామాన్యుడు_కేపీహెచ్‌బీ:
ఇంత పంచాయితీ ఎందుకు, ఆ 2,378 కట్టేస్తామని బేరం పెట్టు అక్కా, ఆఫీసుల చుట్టూ తిరిగితే బస్ చార్జీలు, పోయిన కుట్టు పని లెక్కేస్తే అంతే అవుద్ది.

రిటైర్డ్_బిల్లింగ్:
బేరం పెట్టడానికి అదేం కూరగాయల బండి కాదు బాబూ. ఆమె ఒప్పుకొని కట్టిందంటే గృహజ్యోతి రాదని ఆమే ఒప్పుకున్నట్టు.

కుట్టుమిషన్_హన్మకొండ:
మెయిన్ ఆఫ్ చేస్తే లైట్ కొట్టుకుంటలేదు, మోటర్ వేరే మీటర్ మీదనే ఉన్నది. లెటర్ ఇచ్చిన అంకుల్. స్టాంపు ఎందుకమ్మా అని కొంచెం గుణిగిన్రు గానీ ఏసిన్రు. ఓనర్ గూడ సంతకం పెట్టిండు, నెలలవారీ లెక్క కాగితం మీద చూపిస్తే మెత్తబడ్డడు. ఇప్పుడు నా భయమంత ఒక్కటే, వీళ్లు ఫైల్ చూసేలోపు లైన్‌మన్ వచ్చి ఫ్యూజ్ పీక్కపోతే? కుట్టు ఆగితే నాకు రోజు గడవది.

రిటైర్డ్_బిల్లింగ్:
2003 విద్యుత్ చట్టంలో సెక్షన్ 56 ఉంది. రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వకుండా కట్ చెయ్యకూడదు. వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తం, లేదంటే అంతకుముందు ఆరు నెలల సగటు, రెండిట్లో ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కడుతున్నామని రాసి కడితే తేలేదాకా సప్లై ఆపకూడదు. నీకు సగటు సున్నాకే వస్తుంది కాబట్టి కౌంటర్‌లో వాళ్లు తల గోక్కుంటారనుకో, అప్పుడు ఏఏఓని కలిసి వాయిదాలు అడుగు, కట్టే ప్రతి రూపాయికీ అభ్యంతరంతో అనే మాట రాసే కట్టు. లైన్‌మన్ వస్తే అతనితో గొడవ పడకు, పాపం అతని చేతిలో లిస్టు ఉంటుంది అంతే, స్టాంపు పడిన కాపీ చూపించి ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్) ఫోన్ చెయ్యి.

గుంటూరు_కారం:
ఆఫీసులో నానిస్తే సీజీఆర్‌ఎఫ్‌కి, అంటే కరెంటు వినియోగదారుల ఫిర్యాదులు తేల్చే ఫోరానికి, వెళ్లండి, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 45 రోజుల్లో తేల్చాలి. అక్కడ నచ్చకపోతే 30 రోజుల లోపల విద్యుత్ అంబుడ్స్‌మన్‌కి అప్పీలు. సర్వీసు ఓనర్ పేరున ఉన్నా పర్లేదు, కరెంటు వాడుతున్నది మీరే కదా, మీరూ వేయొచ్చు.

కుట్టుమిషన్_హన్మకొండ:
సరే అక్క. ఏఏఓ సార్ సోమవారం రమ్మన్నడు, పాత రీడింగుల షీట్ తీపిస్తనన్నడు. లెటర్ కాపీ ఇంకో రెండు జిరాక్స్‌లు తీసి ఒకటి ఓనర్‌కు ఇచ్చిన.