అప్‌డేట్: నాన్న కేసుకి కాగితాలు దొరుకుతున్నాయండి

ఆస్బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు చేసిన నాన్న మీసోథీలియోమాతో (ఆస్బెస్టాస్ పొడి పీల్చడం వల్ల వచ్చే కాన్సర్) పోయారు, ఫ్యాక్టరీ చేతులు మారింది, రుజువులు ఎక్కడ వెతకాలని సంక్రాంతి ముందు అడిగాను కదా.

అటక మీద ట్రంకుపెట్టెలో పీఎఫ్ స్లిప్పులు దొరికాయి. సగం చెదలు తినేశాయి గానీ ఖాతా నంబరు మిగిలింది. కింద ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కార్డు! అది చూసి లాయరు గారు దారే మార్చేశారు. ఈఎస్ఐ ఉన్నవాళ్లకి 1923 నాటి పరిహార చట్టం కింద కుదరదట, కుటుంబానికి రావలసింది ఈఎస్ఐలోనే అడగాలట.

1995 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు ఉంచాలి. నాన్న చేరింది 1991లో. అంటే 2031 దాకా ఉండాల్సిందే. కొత్త యాజమాన్యానికి నోటీసు వెళ్లింది, ఉలుకూ పలుకూ లేదు.

బయాప్సీ రిపోర్టు చాలనుకున్నాను. పరీక్షకి నాన్న ఒంట్లోంచి తీసిన అసలు ముక్క మైనం దిమ్మలో ల్యాబులోనే ఉందట, పారేయొద్దని రాసిచ్చి వచ్చాను.

ముమ్మిడివరం బాబాయి, నాన్నతో కలిసి గోతాలు కోసి ఆస్బెస్టాస్ పొడి గుమ్మరించినాయన, సాక్ష్యం చెప్తానన్నారు. మాట మాటకీ దగ్గు. సోమవారం ముందుగా ఆయన్ని ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నాను, అమ్మని కూడా. ఆ పొడి అంటిన నాన్న చొక్కాలు కాలవ రేవులో దులిపి ఉతికింది ఆవిడే కదా.