రబీ మొక్కజొన్న: పొత్తులు బోడిగా వచ్చాయి, తప్పు తేదీదా, విత్తనానిదా?

వంశధార ఒడ్డు (గుణుపురం): పోయినేడు వరి కోసి, దుక్కి ఆరి, విత్తేసరికి డిసెంబరు ఆఖరైంది. చేను ఏపుగా పెరిగింది. తీరా ఒలిచి చూస్తే పొత్తుకి సగమే గింజ, కొస అంతా బోడి. ఈసారి ఎప్పుడు వేయాలి? ఏ రకం? యూరియా ఎన్ని దఫాలు?

మెట్ట మావ (ఉమర్‌కోట్): మాకా బాధ లేదు. మృగశిరలో తొలకరి పడగానే విత్తేస్తాం. ఒక్క ఏడు పుష్యమి దాకా ఆగాను. మోకాలెత్తు రాకముందే నీళ్లు నిలిచి చేనంతా పసుపెక్కింది.

వంశధార ఒడ్డు: నాది రబీ మావా.

కొండగాలి (రాయగడ): స్వాతి, విశాఖ కార్తెల్లో (అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు మధ్య దాకా) విత్తనం పడాలి బాబూ. నీకు జల్లు (మొక్క కొసన మగపూత), పీచు వచ్చేసరికి మార్చి. 35 డిగ్రీలు దాటి గాలి పొడిగా ఉంటే పుప్పొడి చచ్చిపోతుంది. దుక్కి కోసం ఆగకు, వరి కోసిన తడి మీదే తాడు పట్టి గుంటల్లో విత్తు. ముప్పై ఏళ్ల అనుభవం, నాకెవరూ చెప్పక్కర్లేదు.

బుల్లోడు (పర్లాకిమిడి): తేదీ కాదు, విత్తనమే మోసం. ప్యాకెట్ మీద 90 రోజులన్నారు. నవంబరులో వేస్తే 115 దాటినా పచ్చిగానే ఉంది.

కొండగాలి: అది వానాకాలం లెక్క. చలికి మొక్క నెమ్మదిస్తుంది. అదే రకం నాకు జూన్‌లో 95 రోజులు, నవంబరులో 118.

బుల్లోడు: మరి ప్యాకెట్ మీద ఆ ముక్క రాయరేం? మీరు డీలరా?

కొండగాలి: డీలర్నైతే నీతో తగువెందుకు? అన్నీ పుస్తకంలో రాసుకున్నాను.

బుల్లోడు: ఫొటో పెట్టండి.

కొండగాలి: ఎలకలు కొట్టేశాయి.

పొత్తుల అక్క (గుణుపురం): 😂 నేనైతే పది రోజులకో మడి వేస్తాను. పీచు ఎండి, గింజని గోరుతో గిచ్చితే పాలు చిమ్మాలి. అప్పుడే కోసి రోడ్డు మీద కాల్చి అమ్ముతాను. చిలకలతోనే టెన్షన్.

మెట్ట మావ: అక్కా, కత్తెర పురుగుని మేపేది మీలాంటి వాళ్లే! 2018లో దేశంలోకి దిగిన దగ్గర్నుంచి చూస్తున్నాను. ఊరంతా ఒక్కసారే వేస్తే దానికి ఏడాది పొడుగునా తినడానికి లేత సుడి (మొవ్వు) ఉండదు.

పొత్తుల అక్క: నా అరెకరం వల్లా? మీ గట్టు గడ్డి సంగతి చూసుకోండి ముందు!

వంశధార ఒడ్డు: యూరియా?

కొండగాలి: మూడు దఫాలు. విత్తేటప్పుడు, మోకాలెత్తులో, జల్లు ముందు. ఆలస్యమైతే స్వల్పకాలిక రకం వేయి, కానీ జనవరిలో వేస్తే అదీ ఎండకి దొరికిపోతుంది.

బుల్లోడు: పండినా ఏం లాభం? 2025-26లో మద్దతు ధర క్వింటాకి 2,400 అన్నారు. తేమ 14 శాతం దాటిందని మా షావుకారు ఎంత కోశాడో అడగండి.

మెట్ట మావ: ఎంత?