కోతుల కణజాలాల్లో ఏసీఈ2 పోలిక: ఏ యాంటీబాడీని నమ్మొచ్చు?

రీసస్, సైనోమోల్గస్, ఆఫ్రికన్ గ్రీన్, మార్మోసెట్ కోతుల ఊపిరితిత్తులు, చిన్నపేగు, మూత్రపిండాల్లో ఏసీఈ2 రిసెప్టర్ (కరోనా వైరస్ కణంలోకి వెళ్లడానికి పట్టుకునే ప్రొటీన్) ఎక్కడెక్కడ, ఎంతెంత ఉందో ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీతో, అంటే యాంటీబాడీతో ఆ ప్రొటీన్‌కు రంగు పట్టించి, పోలుస్తున్నాను. అన్నీ ఫార్మలిన్‌లో ఫిక్స్ చేసిన పారఫిన్ బ్లాకులే.

చిన్నపేగు విల్లైల (లోపలి గోడ మీద వేళ్లలా ఉండే భాగాల) అంచున, మూత్రపిండంలో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్స్ (సన్నటి నాళికల మొదటి భాగం) లోపలి అంచున సన్నటి గోధుమరంగు గీతలా చక్కగా వస్తోంది. చిక్కంతా ఊపిరితిత్తులతోనే. ఒక స్లైడ్‌లో అక్కడొకటి ఇక్కడొకటి టైప్ 2 కణాలు (గాలి గదుల గోడలోని ఒక రకం కణాలు) కనిపిస్తే, పక్క స్లైడ్‌లో మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగే రోగనిరోధక కణాలు) కూడా రంగు పట్టేస్తున్నాయి. అది నిజమైన సిగ్నలా, ఉత్త బ్యాక్‌గ్రౌండా?

మార్మోసెట్ దగ్గర ఇంకో అనుమానం. ఆసియా, ఆఫ్రికా కోతుల ఏసీఈ2లో, కరోనా వైరస్ పైనుండే స్పైక్ ప్రొటీన్ అంటుకునే చోట ముఖ్యమైన అమైనో ఆమ్లాలు మనిషిలో లాగే ఉంటాయి. దక్షిణ అమెరికా కోతి అయిన మార్మోసెట్‌లో మాత్రం 41, 42 స్థానాల్లో తేడా. మరి మనిషి ప్రొటీన్‌తో తయారుచేసిన యాంటీబాడీ అన్ని జాతుల్లోనూ ఒకేలా పట్టుకుంటుందా? పట్టుకోకపోతే, రంగు తగ్గినంత మాత్రాన రిసెప్టర్ తక్కువని ఎలా అంటాం? పైగా సీ-టెర్మినల్ (ప్రొటీన్ గొలుసు చివరి కొస) వైపు పట్టే యాంటీబాడీలు, స్పైక్‌ను పట్టుకోలేని పొట్టి ఏసీఈ2నీ చూపిస్తాయి కదా.

ఏ జాతికి ఆ జాతి మూత్రపిండాన్నే పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టి, ఊపిరితిత్తుల స్కోరును దానితో పోల్చి చెప్పడం సబబేనా? నాకైతే నేరుగా జాతికీ జాతికీ పోల్చడం కన్నా అదే మేలనిపిస్తోంది. ఆర్ఎన్ఏ ఇన్ సిటు హైబ్రిడైజేషన్ (ప్రొటీన్‌కు బదులు దాని ఆర్ఎన్ఏను కణజాలంలోనే గుర్తించే పద్ధతి) కూడా చేద్దామంటే, నాలుగింటికీ ఒకే ప్రోబ్ (ఆ ఆర్ఎన్ఏకు అతుక్కునే ముక్క) సరిపోతుందా, మార్మోసెట్‌కు వేరేది చేయించుకోవాలా? కోతి కణజాలంతో పనిచేసినవాళ్లు, ముఖ్యంగా ఏ యాంటీబాడీ క్లోన్ వాడారో, యాంటిజెన్ రిట్రీవల్ (ఫార్మలిన్ వల్ల మరుగుపడిన ప్రొటీన్‌ను యాంటీబాడీకి మళ్లీ అందేలా చేయడం) ఏ పీహెచ్‌లో చేశారో చెబితే చాలా మేలు చేసినవారవుతారు.