నగరం నడిబొడ్డున ఉన్న చర్చిలో ఫాదర్ గారి రోజు ఎలా గడుస్తుంది?

ప్రశ్న: ఫిరంగిపురం అబ్బాయి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర ఫిరంగిపురం. నాలుగేళ్లుగా బెంగళూరులో, రెసిడెన్సీ రోడ్డు పక్కనున్న ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాను. మధ్యాహ్నం భోజన విరామంలో అప్పుడప్పుడు దగ్గరలోని చర్చికి వెళ్లి పది నిమిషాలు కూర్చుని వస్తుంటాను. మా ఊళ్లో విచారణ గురువులంటే (ఆ ప్రాంతపు చర్చినీ, దాని పరిధిలోని క్రైస్తవులనూ చూసుకునే ఫాదర్) ఏ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరి పెళ్లి సంబంధం ఎందుకు తప్పిపోయిందో తెలిసిన మనిషి. సాయంత్రం అయితే బంగ్లా అరుగు మీద ఎవరో ఒకరు ఆయన కోసం కూర్చునే ఉంటారు. ఇక్కడేమో చర్చి చుట్టూ దుకాణాలు, బ్యాంకులు, హోటళ్లు తప్ప కాపురాలు కనిపించవు. కుటుంబాలే లేని చోట విచారణ గురువులు ఎవరిని విచారిస్తారు?

ఊరికే అడగడం లేదు. మా పిన్ని కొడుకు డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఫాదర్ కావడానికి చదివే గురువిద్యాలయంలో చేరాలన్న ఆలోచన వాడికి బలంగా ఉంది. మా బాబాయి మాత్రం "పట్నం ఫాదర్లకు పొద్దున ఒక పూజ (మాస్), సాయంత్రం ఒక పూజ, మధ్యలో ఆఫీసు. ఆ మాత్రానికి పెళ్లీ పిల్లలూ వదులుకోవాలా?" అంటున్నారు. బయటినుంచి నాకు కనిపించేదీ అంతే కనుక ఆయనకు ఏమీ చెప్పలేకపోయాను. దగ్గరగా చూసినవారు ఉన్నది ఉన్నట్టు చెప్తే మేలు చేసినవారవుతారు.

జవాబు 1: పాత రిజిస్టర్లు

బ్యాంకు నుంచి పదవీ విరమణ చేశాక తొమ్మిదేళ్లపాటు శివాజీనగర్ వైపు ఒక చర్చి ఆఫీసులో వారానికి నాలుగు రోజులు రాతపని చూశాను. అందువల్ల గురువుల ఆధ్యాత్మిక జీవితం గురించి కాక, ఆఫీసు బల్ల ఇవతలి నుంచి నాకు కనిపించిన సంగతులే చెప్పగలను.

మొదట మీ బాబాయి గారి లెక్క సరిచూద్దాం. తిరుసభ (కేథలిక్ చర్చి) చట్టం ప్రకారం గురువు మామూలుగా రోజుకు ఒకే పూజ చేయాలి. తగిన కారణం ఉంటే మేత్రాణుల (బిషప్పు) అనుమతితో రెండు, ఆదివారాల్లోనూ విధి పండుగల్లోనూ (తప్పనిసరిగా పూజకు రావలసిన పండుగలు) అవసరాన్ని బట్టి మూడు చేయవచ్చు. బెంగళూరు నడిబొడ్డున ఉన్న చర్చిలో ఇంగ్లీషు, తమిళం, కన్నడ భాషల్లో వేర్వేరు పూజలు ఉంటాయి కాబట్టి, ఉన్న ఇద్దరు ముగ్గురు గురువులు వాటిని పంచుకున్నా ఆదివారం మధ్యాహ్నానికి వారి గొంతు బొంగురుపోతుంది. ఇక పూజ చేయించుకునేవారు ఇచ్చే కానుకల సంగతి చాలామందికి తెలియదు. ఒక రోజులో ఎన్ని పూజలు చేసినా గురువు తనకని ఉంచుకోదగినది ఒక్క పూజ కానుకే. మిగిలినవి మేత్రాసనం (బిషప్పు పరిధి) నిర్ణయించిన పనులకు పోవాలి. దీనికి క్రిస్మస్ రోజు ఒక్కటే మినహాయింపు. ఆ ఖాతా రాసింది నేనే కనుక, "పట్నం పూజల్లో డబ్బు" అని ఎవరైనా అంటే నాకు నవ్వు వస్తుంది.

అసలు పని ఆఫీసు తలుపు తెరిచాక మొదలవుతుంది. మీరు ఫిరంగిపురంలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందారనుకుందాం. మీ పెళ్లి బెంగళూరులో జరిగితే, ఇక్కడి గురువులు మీ ఊరి జ్ఞానస్నాన పత్రం కొత్తగా తెప్పించుకోవాలి. వధూవరులిద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, ఎవరి బలవంతమూ లేదని నిర్ధారించుకోవాలి. పెళ్లి ప్రకటనలు చదివించాలి. పెళ్లయ్యాక ఆ సంగతి ఫిరంగిపురానికి రాస్తే, అక్కడి పాత పుస్తకంలో మీ పేరు పక్కన అంచులో దాన్ని నమోదు చేస్తారు. ఒక మనిషి ఎన్ని ఊళ్లు తిరిగినా అతని కథ జ్ఞానస్నానం జరిగిన చోటికే తిరిగి చేరాలన్నది ఆ పద్ధతి. దీనికి తోడు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఉంది. ఉదయం 6 నుంచి సాయంత్రం 7 గంటల లోపే పెళ్లి జరగాలని అందులో సమయం కూడా రాసిపెట్టారు. కేథలిక్ గురువులు మరో వేళ జరిపించాలంటే మేత్రాణుల అనుమతి ఉండాలి.

కాపురాలు వెళ్లిపోయినా పుస్తకాలు వెళ్లవు కదా. ఈ ప్రాంతంలో ఒకప్పుడు ఉండిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల మనవలు ఆస్ట్రేలియా, కెనడాల నుంచి వచ్చి, తాతగారి జ్ఞానస్నాన పత్రం కావాలని అడుగుతారు. సంవత్సరం సరిగా తెలియదు, ఇంటిపేరు అక్షరాలు రెండు రకాలుగా ఉంటాయి. నేను పుస్తకం తిరగేస్తూ ఉంటే మా ఫాదర్ గారు వారిని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, తాతగారు ఏ వీధిలో ఉండేవారో అడిగేవారు. అరగంట తరువాత చూస్తే వచ్చినావిడ కళ్లు తుడుచుకుంటూ ఉండేది. దీన్ని ఆఫీసు పని అనాలో, విచారణ అనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పైకప్పు కారడం, మైకు పాడవడం, కాంట్రాక్టరుతో వాదించడం, ఆర్థిక సంఘం సమావేశం, బడి పిల్లల ఫీజు రాయితీ కోసం వచ్చే తల్లులు, బౌరింగ్ ఆసుపత్రి నుంచి పిలుపు, హోసూరు రోడ్డు శ్మశానంలో అంత్యక్రియలు, ఇవన్నీ ఒకే రోజు పడ్డ సందర్భాలు నాకు గుర్తున్నాయి. సెప్టెంబరు 8న మరియమాత పండుగ వస్తే చెప్పనే అక్కరలేదు. ఆగస్టు 29 నుంచే శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికా చుట్టుపక్కల వీధులు కిక్కిరిసిపోతాయి. ఆ జనంలో సగం మంది క్రైస్తవులు కారేమో కూడా. కాషాయ బట్టలు కట్టి, చేతిలో కొవ్వొత్తి పట్టుకుని వచ్చిన తల్లిని "నీది ఏ విచారణ?" అని ఎవరూ అడగరు.

జవాబు 2: తత్వశాస్త్రం దాకా

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం పూర్తిచేసి, ఆ పిలుపు నాది కాదని తెలుసుకుని బయటికి వచ్చినవాణ్ణి. ఇప్పుడు బెంగళూరులోనే పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. పై పెద్దాయన రాసిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను కానీ, ప్రశ్న అడిగిన సోదరుడు తన ప్రశ్నలోనే దాగిన సమాధానాన్ని గమనించలేదేమో అనిపించింది.

కుటుంబాలు లేని చోట ఎవరిని విచారిస్తారని అడిగారు. మీ ఊళ్లో పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసేటప్పుడు జాలీ అవతల ఉన్నాయన మీ గొంతు గుర్తుపడతారనే బెరుకు మీకు ఎప్పుడూ కలగలేదా? చట్టం ఆ విషయంలో చాలా కఠినమైనదే. విన్నది ఏ కారణంతోనైనా బయటపెట్టిన గురువు ఆ క్షణమే తిరుసభ నుంచి వెలికి గురవుతాడు. అయినా మనిషికి బెరుకు ఉంటుంది. అందుకే కష్టమైన మాట చెప్పుకోవలసినవాడు తన పేట చర్చి వదిలి, తననెవరూ ఎరగని నడిబొడ్డు చర్చికి వస్తాడు. అప్పుల్లో కూరుకుపోయినవాడు, భార్యకు చెప్పకుండా ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, ముప్పై ఏళ్లుగా చర్చి గడప తొక్కనివాడు మీరు కూర్చునే ఆ పది నిమిషాల వేళలోనే వస్తారు. ఊరి గురువులకు మనుషులంతా తెలిసినవారే. ఇక్కడి గురువులు పరిచయం లేని మనిషి జీవితంలో అతి బరువైన ఘట్టాన్ని పావుగంటలో విని, మళ్లీ చూస్తామో లేదో తెలియకుండా పంపించివేయాలి. ఈ రెండో పనే కష్టమని నా అభిప్రాయం, ఎందుకంటే దాని ఫలితం ఏమైందో ఆయనకు ఎన్నటికీ తెలియదు.

పూజకూ పూజకూ మధ్య ఖాళీ అనుకునే సమయంలో బ్రీవియరీ చదవాలి. కీర్తనలూ వాక్యాలూ ఉండే ఆ ప్రార్థన పుస్తకాన్ని దినంలో నియమిత వేళల్లో చదవడం గురువుకు ఐచ్ఛికం కాదు, బాధ్యత. ప్రతి ఆదివారం, విధి పండుగనాడు విచారణ ప్రజల కోసం ఏ కానుకా తీసుకోకుండా ఒక పూజ అర్పించడం కూడా విచారణ గురువుల మీద ఉన్న బాధ్యతే. ఆ ప్రజలు ఎదురుగా ఉన్నా, వైట్‌ఫీల్డుకు ఇల్లు మార్చుకున్నా ఆ బాధ్యత తప్పదు.

ఒక చిన్న పక్కమాట. శివాజీనగర్ చర్చి పుట్టుపూర్వోత్తరాలు వెతికితే ఆబె దుబ్వా అనే ఫ్రెంచి గురువు పేరు వస్తుంది. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక ఆయన మైసూరు ప్రాంతానికి వచ్చి, చెదిరిపోయిన క్రైస్తవులను కూడగట్టారు. మశూచి టీకాలను జనంలోకి తీసుకువెళ్లడానికీ శ్రమించారు. అప్పట్లో ఎవరైనా ఆయన దినచర్య రాసివుంటే, అందులో పూజకు ఎంత చోటు దక్కేదో, టీకాలకు ఎంత దక్కేదో!

మీ తమ్ముడి విషయానికి వస్తే, తత్వశాస్త్రం, వేదాంతశాస్త్రం కలిపి కనీసం ఆరేళ్ల చదువు ఉంటుంది. బయటికి వచ్చే దారి గురువుగా అభిషేకం పొందేదాకా తెరిచే ఉంటుంది. అతడు ఇక్కడి అగ్రపీఠంలో (ఆర్చిబిషప్పు పరిధిలో) చేరదలిస్తే కన్నడం నేర్చుకోక తప్పదు, తమిళం వస్తే మేలు. పరీక్షలన్నీ గట్టెక్కిన తరువాత కూడా నా సహాధ్యాయులను ఏడిపించింది భాషే. చావు ఇంట్లో వ్యాకరణం వెతుక్కోకుండా మాట్లాడగలగాలి కదా.

జవాబు 3: చెన్నపట్నం కోడలు

మన్నించాలి, నేను కొంచెం కటువుగా రాయవలసి వస్తోంది. నేను సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంటు సంఘంలో పుట్టి పెరిగాను. మా అత్తగారి వైపువారు కేథలిక్కులు. చెన్నైలో మా అయ్యగారికి (పాస్టరుగారికి) భార్యాపిల్లలు ఉన్నారు. అర్ధరాత్రి తలుపు తడితే అమ్మగారైనా లేచి వచ్చి పలకరిస్తారు. మూడేళ్ల క్రితం మా అత్తగారికి ప్రాణం మీదికి వచ్చిన రాత్రి, నగరంలోని ఒక పెద్ద చర్చికి మూడుసార్లు ఫోను చేశాము. మూడోసారి కాపలా మనిషి ఎత్తి, పొద్దున రమ్మన్నాడు. చివరికి తెలిసినవారి ద్వారా వేరే చర్చి నుంచి ఒక ముసలి గురువు ఆటోలో వచ్చి తైలం పూశారు. అప్పటికి ఆమెకు స్పృహ లేదు. తెల్లవారకముందే పోయారు. చెన్నై ప్యారీస్ ప్రాంతంలోని ఆర్మేనియన్ వీధి అంతోనివారి గుడి దగ్గర మంగళవారం నాటి జనాన్ని చూసినప్పుడల్లా, ఇంతమంది దారినపోయేవారికి దొరికే గురువులు తన విచారణలోని ముసలమ్మకు ఎందుకు దొరకలేదన్న ప్రశ్న నన్ను వదలదు. అపరిచితుల కోసం తలుపు తెరవడం గొప్పే కావచ్చు, కానీ ఆ తలుపుకు రాత్రి తాళం ఉంటే ఏం లాభం?

జవాబు 4: పాత రిజిస్టర్లు

అమ్మా, మీ బాధకు ఎదురు చెప్పను. కాపలా మనిషికి సరైన సూచన ఇవ్వకపోవడం ఆ బంగ్లావారి తప్పే. విచారణ గురువులు చర్చి దగ్గరి నివాసంలోనే ఉండాలన్న నియమం పెట్టిందే ఇలాంటి రాత్రుల కోసం. మా దగ్గర ఇలాంటి ఫిర్యాదు ఒకటి వచ్చిన తరువాత, రాత్రి వంతు ఎవరిదో ఆ గురువుల ఫోను నంబరును గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించాము. అది ముందే చేసి ఉండవలసిందని ఒప్పుకుంటున్నాను.

ఒక విషయం మాత్రం మీకు ఊరటగా ఉంటుందేమోనని చెప్తున్నాను. స్పృహలో ఉండగా కోరుకొని ఉండేవారని తోస్తే చాలు, స్పృహ లేనివారికి కూడా ఆ అభ్యంగనం (తైలం పూయడం) ఇవ్వాలని చట్టంలోనే ఉంది. కాబట్టి ఆ ముసలి గురువు ఆలస్యంగా వచ్చారేమో కానీ, ఆయన చేసింది వృథా కాలేదు. దీన్ని చివరి ఘడియకే దాచుకోనక్కరలేదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. జబ్బు వల్ల గానీ, వయసు వల్ల గానీ ప్రాణానికి ప్రమాదం మొదలైనప్పుడే పిలవవచ్చు. కానీ మన ఇళ్లలో ఫాదర్ గారు తైలంతో గడపలోకి వస్తే చావు కబురు వచ్చినట్టే భావిస్తారు కనుక, ఎవరూ ముందుగా పిలవరు.

ప్రశ్న అడిగినవారు: ఫిరంగిపురం అబ్బాయి

అందరికీ కృతజ్ఞతలు. చెన్నై అక్కగారు రాసింది బాబాయికి చదివి వినిపించాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. చివరికి అన్నీ వినిపించాను. ఆయన అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకున్నది ఒక్క పూజ కానుక లెక్కనే. "నిజమేనా?" అని రెండుసార్లు అడిగారు.

నిన్న మధ్యాహ్నం చర్చిలో మామూలుగా కూర్చునే చోట కాకుండా, పక్క వరసలో పాపసంకీర్తన గది కనిపించేటట్టు కూర్చున్నాను. ఏడుగురు ఉన్నారు. నలుగురి మెడలో ఆఫీసు కార్డులు, ఒకావిడ చేతిలో ఆసుపత్రి ఫైలు. నేనూ వెళ్లి వరసలో నిలబడ్డాను కానీ, నా వంతు రాకముందే భోజన విరామం అయిపోయింది. గురువారం ముందుగా వెళ్తాను. సంక్రాంతి సెలవులకు తమ్ముణ్ణి ఇక్కడికి రమ్మన్నాను. బాబాయి కూడా వస్తారట, ఆ పాత రిజిస్టర్లు చూపిస్తారేమో కనుక్కోమన్నారు.